మాట రాని పిల్లలు – కెమెరా కన్ను



"ఈ రోజు బడిలో నన్ను కొట్టారు" అని ఇంటికొచ్చి చెప్పలేని పిల్లలు ఉంటారు. కొందరికి మాట రాదు. కొందరికి మాట వచ్చినా జరిగింది వరుసగా చెప్పడం రాదు. ఒంటిమీద వాత కనిపిస్తుంది గానీ ఎలా తగిలిందో తల్లికి తెలియదు. అలాంటి పిల్లల గదిలో కెమెరా పెట్టమని ఆ తల్లి అడిగితే మేము కాదనలేం. అయితే ఆ కెమెరాలో పడింది ఎవరు చూడాలన్నదే అసలు ప్రశ్న.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం దీనిపై 2015లో చట్టం చేసింది. ప్రత్యేక అవసరాలు గల పిల్లలు విడిగా చదువుకునే గదుల్లో, తల్లిదండ్రులు గానీ సిబ్బంది గానీ కోరితే కెమెరా పెట్టి తీరాలి. దృశ్యంతోపాటు మాటా రికార్డు కావాలి. మరుగుదొడ్డిలోనూ బట్టలు మార్చే చోటా దృశ్యం తీయరాదు. రోజూ కూర్చుని చూడటానికీ, టీచరు పనితీరు కొలవడానికీ వాడరాదు. ఫిర్యాదు వస్తే సంబంధిత తల్లిదండ్రులు, ఉద్యోగులు, విచారణాధికారులు వంటి కొద్దిమందే చూడాలి.

ఈ కట్టుబాట్లు మంచివే. కానీ ఒక తల్లి అడిగితే గదిలోని పిల్లలందరూ కెమెరాలో పడతారు. మిగతా తల్లిదండ్రులకు తెలియజేస్తారు తప్ప వారి అనుమతి అక్కర్లేదు. పక్కనున్న పిల్లవాడు మూర్ఛ వచ్చి పడిపోయినా, బట్టలు తడుపుకున్నా అదీ రికార్డే. దెబ్బ సంగతి చెప్పలేని పిల్లవాడు "నన్ను తీయొద్దు" అని మాత్రం ఎలా చెప్పగలడు?

మన దేశంలో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. అయినా 2019లో ఢిల్లీ ప్రభుత్వం తన బడుల తరగతి గదుల్లో కెమెరాలు పెట్టి, తల్లిదండ్రులు ఫోనులో చూసే ఏర్పాటు మొదలుపెట్టింది. ఒకరి బిడ్డను చూపించాలంటే పక్క బిడ్డనూ చూపించక తప్పదు.

హాస్టలు వాళ్లకు ఈ గొడవ ఎందుకు అంటారేమో! మా ఇళ్లలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం మేము. దుప్పట్లు పంచినప్పుడు, పెట్టెలు ఇచ్చినప్పుడు వరుసగా ఫోటోకు నిలబడ్డాం. "తీయమంటారా?" అని ఎవరూ అడగలేదు. సాయం పుచ్చుకునేవాడికి మానం, మర్యాద ఉండవన్న అలుసు ఎలా ఉంటుందో మనకు తెలుసు. వికలాంగ పిల్లల మీద ఆ అలుసు ఇంకా ఎక్కువ.

మన మండలాల్లోని భవిత కేంద్రాలకు కెమెరా వస్తే రానివ్వండి. అయితే ఎవరు చూశారో రిజిస్టరులో రాయాలి. గడువు తీరాక చెరిపేయాలి. ఒక్క ముక్క కూడా ఫోన్లలో తిరగకూడదు. ఇంకో మాట: కెమెరా దెబ్బ పడ్డాక చూపిస్తుంది. గదిలో ఇంకో ఆయా ఉంటే ఆ దెబ్బ పడకుండానే ఆపవచ్చు. కెమెరా పెట్టామని ఆయా పోస్టు ఖాళీగా ఉంచితే ఒప్పుకోకూడదు.

రేపు టీచర్లు కాబోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ పిల్లల సైగలు నేర్చుకోండి. వాళ్లు చెప్పేది అర్థం చేసుకునే మనిషి గదిలో ఉంటే, సగం భయం అక్కడే పోతుంది.