తంగేడు పేరు ఇంటనే నిలవాలి

మొన్న ఊత్తంగరై దగ్గర పొలం గట్టున పూచిన తంగేడును చూపి పేరడిగాను. తెలుగింటి బాలిక ‘ఆవారం’ అన్నది. అది తమిళుల చక్కని పేరే. దానితో నాకు పేచీ లేదు. దీని బెరడుతో తోళ్లు పదును చేస్తారు గనుక ఇంగ్లీషువారు ‘టానర్స్ కాసియా’ అన్నారు. ఆ పేర్లు బయట దొరుకుతాయి. తంగేడు మాత్రం ఇంటనే దొరకాలి. 2006 చట్టం బడిలో తమిళాన్ని తప్పనిసరి చేసిన పిమ్మట మన పిల్లలలో ఎందరికో తెలుగు చదువు దూరమైంది. ఈ మాటలు అవ్వల నోటనే మిగిలాయి. వినాయకచవితి పత్రికి ఉత్తరేణి తెమ్మంటే, పేరెరుగని పిల్లవాడు ఏ ఆకు తెస్తాడు? పల్లేరుకాయ కాలికి గుచ్చుకున్నప్పుడైనా దాని పేరు చెప్పండి. ఈ నెల మీ పిల్లలచేత పది మొక్కల పేర్లు తెలుగులో రాయించి పంపండి, అచ్చువేస్తాము.