మొదటి నెల పైసలు ముందే జమ చేద్దాం! చేతికొచ్చిన ఇంటర్న్‌షిప్‌ను జారనియ్యొద్దు!

ఆసిఫాబాద్, వాంకిడి, కెరమెరి, తిర్యాణి, రెబ్బెన, కాగజ్‌నగర్ విద్యార్థులకు, వాళ్ల అవ్వలకు, బాపులకు, ఊరి పెద్దలకు ఈ మాట.

బీటెక్ కానీ, పాలిటెక్నిక్ కానీ, డిగ్రీ కానీ, ఏ చదువు చదివినా ఒకనాడు ఇంటర్న్‌షిప్ ముందుకొస్తది. కష్టపడి సీటు తెచ్చుకొని కూడా పోలేక ఇంట్లో కూర్చున్న పిల్లలు మన దగ్గర ఉన్నరు. వాళ్లకు మార్కులు తక్కువ కాలేదు, తెలివి తక్కువ కాలేదు. దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లో మొదటి నెల గడవడానికి చేతిలో పైసలు లేవు, అంతే.

స్టైపెండ్ నెల పని చేసినంక వస్తది. ఖర్చు బస్సెక్కిన రోజే మొదలైతది. ఈ రెండింటి నడుమ ఉన్న నెల రోజులను దాటిస్తే మన పిల్లలు మిగతాది వాళ్లే చూసుకుంటరు. అందుకే ఈ కరపత్రం.

ముందు లెక్క రాయండి

హైదరాబాద్‌లో రెండు నెలల ఇంటర్న్‌షిప్, నెలకు 8,000 స్టైపెండ్ అనుకుందాం. మొదటి నెలకు ఒక అంచనా ఇట్ల వేసుకోవచ్చు:

హాస్టల్ – 6,500
హాస్టల్ అడ్వాన్స్ – 2,000
పనికి పోయి వచ్చే ఛార్జీలు – 1,500
మధ్యాహ్నం తిండి, చాయ్ – 2,000
ఫోన్ రీచార్జ్ – 300
రెండు జతల బట్టలు, బూట్లు – 1,500
ఊరి నుంచి రానుపోను – 700
జరమొస్తే, ఆపదొస్తే – 1,000
మొత్తం – 15,500 రూపాయలు

రెండో నెల అడ్వాన్స్, బట్టలు ఉండవు. అయినా హాస్టల్, ఛార్జీలు, తిండి, ఫోన్ కలిపి 10,300 అయితది. స్టైపెండ్ 8,000 వచ్చినా 2,300 తక్కువే. అంటే పోయేముందే 18,000 దాకా ఏర్పాటు చూసుకోవాలె. మీ అంకెలు వేరే ఉంటయి, మీ లెక్క మీరే వేసుకోండి. కానీ కాగితం మీద పెట్టకుండా బస్సెక్కొద్దు.

ఆడపిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు పైసలు లేవు. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. సూపర్ లగ్జరీకి, మెట్రో రైలుకు మాత్రం పైసలు పెట్టాల్సిందే.

హాస్టల్ చౌక అని ఆఫీసుకు దూరంగా దిగొద్దు. పని గచ్చిబౌలిలో, మంచం దిల్‌సుఖ్‌నగర్‌లో అయితే రోజూ గంటలకు గంటలు రోడ్డు మీదనే పోతయి. కిరాయి, ఛార్జీ రెండూ కలిపి చూసి గది పట్టండి.

పైసలు ఎక్కడి నుంచి?

అవ్వా, బాపూ! ఎండకాలం దాటి ఇంటర్న్‌షిప్ మొదలయ్యే వేళకు మీరు పత్తి విత్తనాలకు, ఎరువులకు పైసలు వెతుకుతుంటరు. అప్పుడు బిడ్డ అడిగితే మీ దగ్గర ఉండవు. చలికాలంలో పత్తి అమ్మిన రోజు ఉంటయి. కాబట్టి పత్తి తూకం పైసలు చేతికొచ్చిన రోజే అయిదారు వేలు బిడ్డ పేరు మీద పక్కకు పెట్టండి. దానికి తోడు పది నెలలు నెలకు వెయ్యి పోస్టాఫీసు పొదుపు ఖాతాలో వేస్తే మొదటి నెల గండం గడిచినట్టే. పత్తి లేనోళ్లు కూలి పైసల నుంచి, చిట్టీ నుంచి ఇట్లనే పక్కకు తీయండి. మహిళా సంఘంలో ఉన్న అవ్వలు సంఘం అప్పు గురించి ముందే అడిగి పెట్టుకోండి.

మిత్తికి మాత్రం పోవద్దు. నెలకు నూటికి మూడు రూపాయల మిత్తి చిన్నగానే వినపడతది. ఏడాదికి అది 36 శాతం. 15,000 తెస్తే నెల నెలా 450 మిత్తికే పోతది, అసలు అట్లనే ఉంటది. ఫోన్‌లో అయిదు నిమిషాల్లో అప్పిస్తమనే యాప్‌ల జోలికి అసలే పోవద్దు. స్కాలర్‌షిప్ వస్తదని కూడా ఈ లెక్కలో రాయొద్దు. వచ్చిననాడు అది మిగులు.

కాగితాలు మూడు నెలల ముందు

తమ్మీ, చెల్లీ! ఆధార్‌లో, పదో తరగతి మెమోలో, బ్యాంకు పాస్‌బుక్‌లో నీ పేరు ఒక్క తీరుగనే ఉందా? ఆత్రం, కుమ్రం, మడావి, సిడాం వంటి ఇంటిపేర్లు ఒక్కో కాగితం మీద ఒక్కో స్పెల్లింగ్‌తో పడుతున్నయి. ఒక దాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకో దాంట్లో వెనుక. స్టైపెండ్ ఆగేది ఇక్కడనే. ఇప్పుడే సరిచేయించుకో.

రెండేళ్లు లావాదేవీ లేని బ్యాంకు ఖాతా మూలకు పడుతది. బ్యాంకుకు పోయి కేవైసీ ఇచ్చి లేపుకో, ఆధార్ జోడించుకో, ఫోన్ నంబర్ మార్పించుకో. ఆదాయం, కులం సర్టిఫికెట్లు మీసేవలో తీసుకో. మెమోలు డిజిలాకర్‌లో పెట్టుకో. కాలేజీ నుంచి బోనఫైడ్, అనుమతి పత్రం తీసుకో. ఒరిజినల్ మెమోలు ఏ కంపెనీ చేతిలోనూ వదిలి రావద్దు. చూపించు, జిరాక్స్ ఇయ్యి.

పైసలు అడిగితే వెనక్కి తిరుగు

పనికి పిలిచేటోడు పైసలు ఇయ్యాలె కానీ అడగొద్దు. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, సర్టిఫికెట్ ఖర్చు అని వాట్సాప్‌లో అడిగితే అది ఇంటర్న్‌షిప్ కాదు. మోసపోతే సిగ్గుపడి దాచుకోకు. వెంటనే సైబర్ క్రైమ్ నంబర్ 1930కి ఫోన్ చేయి.

చేరేముందే రాతపూర్వకంగా అడుగు: ఎన్ని నెలలు? స్టైపెండ్ ఎంత, ఏ తారీఖుకు? పని ఎక్కడ? ఎవరి కింద? ఆఖరుకు సర్టిఫికెట్ ఇస్తరా? ఇట్ల అడగడం తప్పు కాదు, నీ హక్కు.

చెల్లెళ్లూ! పనిచేసే చోట లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం శిక్షణకు వచ్చినోళ్లకు కూడా వర్తిస్తది. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోట ఫిర్యాదు కమిటీ ఉండాలె. చేరిన రోజే కమిటీలో ఎవరున్నరో తెలుసుకోండి.

అప్రెంటిస్ దారి మరువొద్దు

ఇంటర్న్‌షిప్‌లో కొందరు స్టైపెండ్ ఇస్తరు, కొందరు ఇయ్యరు. అప్రెంటిస్‌షిప్ అట్ల కాదు. 1961 అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం రాసుకొని స్టైపెండ్ ఇయ్యాల్సిందే. ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ అయినోళ్లు సింగరేణి, రైల్వే ప్రకటనలు చూస్తుండండి.

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024 అక్టోబర్‌లో మొదలైంది. ఏడాది పాటు పెద్ద కంపెనీలో పని, నెలకు 5,000, చేరినంక ఒక్కసారి 6,000 అని అప్పుడు ప్రకటించిన్రు. వయసు 21 నుంచి 24 ఏళ్లు, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు అని నిబంధన పెట్టిన్రు. రోజూ కాలేజీకి పోయి చదివేటోళ్లకు ఇది రాదని, దూరవిద్యలో ఉన్నోళ్లు పెట్టుకోవచ్చని అప్పుడు చెప్పిన్రు. నిబంధనలు మారుతుంటయి, పోర్టల్‌లో చూసుకొనే దరఖాస్తు చేయండి. ఇందులో కూడా ఆ ఆరు వేలు చేరినంకనే అని మరువొద్దు.

దగ్గర్లో పని లేదా? ఉంది!

అందరూ హైదరాబాద్ పోవాలని రాసిపెట్టి లేదు. 2014లో మూతపడి 2018లో మళ్లీ నడిచిన సిర్పూర్ పేపర్ మిల్లు కాగజ్‌నగర్‌లోనే ఉంది. గోలేటి వైపు సింగరేణి గనులున్నయి. పక్క జిల్లా జైపూర్‌లో 1,200 మెగావాట్ల సింగరేణి విద్యుత్ కేంద్రం ఉంది. సివిల్ చదివేటోళ్లు నేర్చుకోవడానికి ఆడ గ్రామం దగ్గర కుమురం భీం ప్రాజెక్టు ఉంది. బీకాం పిల్లలు లెక్కలు రాయడానికి పత్తి మిల్లులున్నయి. ఇంటి తిండి తిని, ఇంట్ల పండుకొని పోయి వచ్చే చోట తక్కువ స్టైపెండ్ అయినా ఎక్కువ మిగులుతది. కాలేజీ లెటర్ పట్టుకొని పోయి అడగండి. ఒకరు పోతే గేటు దగ్గర ఆపుతరు, పది మంది సార్‌ను తీసుకొని పోతే లోపలికి పిలుస్తరు.

మేము అడిగేది ఇదీ

కంపెనీల యజమానులారా, ఆఫీసర్లారా! మొదటి నెల స్టైపెండ్‌లో సగం చేరిన రోజే ఇయ్యండి. ఎట్లనూ ఇచ్చే పైసలే, నెల ముందు ఇస్తే ఒక బిడ్డ నిలబడతది.

సార్లూ, మేడమ్‌లూ! అనుమతి పత్రాలకు పిల్లలను తిప్పకండి. ముందు పోయివచ్చిన సీనియర్లు ఎక్కడ ఉన్నరో, ఎంత ఖర్చయిందో రాసిన ఒక రిజిస్టర్ ప్రతి కాలేజీలో పెట్టండి.

హైదరాబాద్‌లో స్థిరపడ్డ మన ఊరోళ్లారా! పైసలు అడుగుతలేము. మొదటి వారం రోజులు ఒక చాప, ఒక పూట అన్నం, హాస్టల్ వెతకడానికి ఒక తోడు. అంత చాలు.

విద్యార్థుల్లారా! ఈ ఆదివారమే మీ వాడలో, మీ హాస్టల్‌లో అయిదుగురు కలిసి కూర్చోండి. ఈ కాగితం వెనుక భాగం ఖాళీగానే వదిలినం. దాని మీద మీ లెక్క రాయండి, అవ్వా బాపులకు చదివి వినిపించండి. చదివినంక ఈ కాగితాన్ని ఇంకొకరి చేతిలో పెట్టండి.

మొదటి నెల పైసలు – ముందే జమ చేద్దాం!
పైసలు అడిగే ఇంటర్న్‌షిప్ – మనకొద్దు!
సీటొచ్చిన ఏ బిడ్డా – ఇంట్లో ఆగొద్దు!

– మీకన్నా ముందు చదివి, బయటికి పోయి పనిచేసిన మన జిల్లా పిల్లలు, ఆసిఫాబాద్