బహుమతుల సభలో బొమ్మలు ఏవి?



హైదరాబాద్ పోయి వచ్చిన నలుగురిలో ఎవరైనా ఒకరు రాయాలని మన గోడ పత్రిక వాళ్ళు వారం నుంచి అడుగుతున్నారు. నాకు ప్రోత్సాహక బహుమతి వచ్చిన సంగతి మీకందరికీ తెలుసు. కాబట్టి బహుమతి రాలేదన్న కడుపుమంటతో ఇది రాస్తున్నానని అనుకోవద్దు. పోటీ పెట్టిన వాళ్ళ పేరు రాయడం లేదు. ఎందుకంటే ఇది వాళ్ళొక్కరి అలవాటు కాదు, మనకూ ఉంది.

రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి జూబ్లీ బస్టాండులో దిగినం. పోటీ అశోక్‌నగర్ పక్కన ఇందిరా పార్కులో. మా నాన్నకు ఇందిరా పార్కు అంటే ధర్నా చౌకే. పోడు పట్టాల కోసం ఒకసారి వెళ్ళి ఆ రోడ్డు మీద కూర్చొని వచ్చిండు. లోపల అన్ని చెట్లున్నాయని ఆయనకు తెలియదు. మమ్మల్ని ఆ చెట్ల కింద కూర్చోబెట్టి, తలా ఒక డ్రాయింగ్ షీటు ఇచ్చి, ఎదురుగా కనిపించేది మూడు గంటల్లో వేయాలన్నారు.

ఇట్లా ఆరుబయట కూర్చొని రంగులు వేయడం ఎట్లా మొదలైందో బస్సులో డ్రాయింగ్ సారు చెప్పారు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు రంగులు నింపే లోహపు ట్యూబు కనిపెట్టాడు. అంతకుముందు నూనె రంగుల్ని పంది మూత్రాశయంతో చేసిన సంచుల్లో దాచుకునేవారట. ట్యూబులు వచ్చాక ఫ్రాన్సులో మోనే, పిస్సారో లాంటివారు పొలాలకు, ఏటి ఒడ్లకు పోయి వేయడం తేలికైంది. పెద్ద ప్రదర్శన వాళ్ళు తమ బొమ్మల్ని తిప్పి పంపుతుంటే, 1874లో పారిస్‌లో వాళ్ళే సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. చాలామంది వచ్చి నవ్వారట. నవ్వినా, బొమ్మలు చూసి నవ్వారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మాతో వచ్చిన ఎనిమిదో తరగతి తమ్ముడు ఒక చెట్టు వేసిండు. చెట్టు కింద వేర్లు, వేర్ల సందుల్లో చీమలు, ఒక ఎండ్రకాయ కూడా వేసిండు. న్యాయనిర్ణేత ఒకాయన వచ్చి, "వేర్లు బయటికి కనిపించవు కదా బాబూ" అని ముందుకు పోయిండు. తమ్ముడు ఏమీ అనలేదు. తర్వాత నాతో అన్నడు, "మా వాగు ఒడ్డు కోసుకపోయినప్పుడు చూసిన అన్నా, లోపల అట్లనే ఉంటది."

ఎదురుగా ఉన్నది వేయాలని ముందే చెప్పారు కాబట్టి ఆయన మాట తప్పని నేను అనను. కానీ సాయంత్రం సభలోనైనా ఎవరో ఒకరు ఆ బొమ్మ గురించి మాట్లాడతారని అనుకున్నాను.

సభ చిక్కడపల్లిలో. త్యాగరాయ గానసభ ఉన్న పేట అది, సభలకు పేరు. మాది వేరే చిన్న హాలు. మధ్యాహ్నం నారాయణగూడలో సారు తెలిసినవాళ్ళ రూంలో స్నానాలు చేసి, ఉతికిన యూనిఫాం వేసుకొని పోయినం. ఆరు గంటలకన్న సభ ఏడుంబావుకు మొదలైంది. వేదిక మీద పదకొండు కుర్చీలు. పదకొండు మందికీ బొకే, శాలువా, మెమెంటో. ప్రతి ఒక్కరూ తమ చిన్ననాటి సంగతులు చెప్పారు. తొమ్మిదింబావుకు పిల్లల్ని పిలిచారు. నలభై పేర్లు పదిహేను నిమిషాల్లో అయిపోయాయి. నా ఇంటిపేరు తప్పు చదివారు. ఫోటో కోసం సర్టిఫికెట్ పైకెత్తమన్నారు. అంతే.

బొమ్మలెక్కడ? పరదా వెనక మూలకు, చుట్ట చుట్టి సుతిలి తాడుతో కట్టి ఉన్నాయి. మొదటి బహుమతి వచ్చిన బొమ్మ ఎట్లుందో నాకు ఈ రోజుకూ తెలియదు. నా బొమ్మలో ఏం బాగుందని బహుమతి ఇచ్చారో కూడా తెలియదు. తెలిస్తే ఈసారి అది ఇంకా బాగా చేద్దును. తమ్ముడికి ఎందుకు రాలేదో చెబితే వాడూ నేర్చుకునేవాడు. ఇద్దరం ఏమీ నేర్చుకోకుండనే బస్సెక్కినం.

అతిథులు చందాలు ఇస్తేనే కదా షీట్లు, భోజనాలు, అని కొందరు మిత్రులు అంటున్నారు. నిజమే. వాళ్ళకు దండం పెట్టాలి. కానీ దండానికి రెండు గంటలు పట్టదు.

భూరీబాయి గురించి సారు చెప్పింది కూడా రాస్తాను. ఆమె మధ్యప్రదేశ్‌కు చెందిన భిల్లు ఆదివాసీ. భోపాల్‌లో భారత్ భవన్ కడుతుంటే అక్కడ కూలి పని చేసింది. అప్పుడు జె. స్వామినాథన్ అనే చిత్రకారుడు ఆ కూలీల దగ్గరికి వచ్చి, మీ ఊళ్ళో వేసే బొమ్మలు వేసి చూపించమని అడిగారట. ఆమె వేసింది. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఆ పద్మశ్రీకి నలభై ఏండ్ల ముందు ఒక మనిషి ఆగి, అడిగి, చూసిండు. అది లేకుంటే ఇది లేదు.

ఇక మన సంగతి. ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి మన స్కూల్లో కూడా చిత్రలేఖన పోటీ పెడతారు. పోయిన ఏడు మన బొమ్మలు ఏమైనాయో ఎవరికైనా గుర్తుందా? స్టోర్ రూంలో బియ్యం బస్తాల వెనక ఉన్నాయి. అందుకని వార్డెన్ సారుకు మూడు విన్నపాలు.

ఒకటి: సభకు ముందే వరండాలో తాడు కట్టి, బహుమతి వచ్చినవీ రానివీ అన్ని బొమ్మలూ వేలాడదీయాలి. బట్టల క్లిప్పులు మేము తెస్తాం.

రెండు: అతిథులు కూర్చునే ముందు ఆ వరండా అంతా ఒకసారి నడవాలి. నిర్ణయించిన సారు ప్రతి బొమ్మ గురించి రెండు మాటలు చెప్పాలి. తిట్టినా సరే.

మూడు: బొమ్మ ఎవరిది వాళ్ళకు తిరిగి ఇవ్వాలి. ఇంటికి తీసుకపోతే అమ్మానాన్న చూస్తారు.

శాలువాలు తగ్గితే ఆ డబ్బులతో రంగుల పెట్టెలు వస్తాయి. తమ్ముడి చెట్టు బొమ్మ ఇప్పుడు నా ట్రంకు పెట్టెలో ఉంది. తాడు కట్టిన రోజు మొదట దాన్నే పెడతాను. వేర్లు ఉండాలా వద్దా, మీరే చూసి చెప్పండి.

తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఇట్లు,
పదవ తరగతి విద్యార్థి, నాలుగో నంబరు రూం