గంటా పది నిమిషాల ప్రయాణం

శంషాబాద్ నుండి రేణిగుంటకు ఆకాశమార్గాన సుమారు 420 కిలోమీటర్లు. విమానంలో గంటా పది నిమిషాలు. ఫోనులో అడిగితే తడుముకోకుండా చెప్పే లెక్క ఇది. లెక్కలో తప్పు లేదు. అయితే అది ఒక రన్‌వే నుండి మరొక రన్‌వేకు వేసిన లెక్క. రన్‌వే మీద కాపురముండేవారు ఎవరూ లేరు.

కోదాడలో నాకొక పాత మిత్రుడున్నాడు. విశ్రాంత ఉపాధ్యాయుడు, డెబ్బై రెండేళ్లవాడు. మోకాలి శస్త్రచికిత్స జరిగిన ఐదు వారాలకే తిరుమల మొక్కు తీర్చుకోవాలన్నాడు. "రైలు అవస్థ నీకెందుకు నాన్నా, గంటలో దిగిపోతావు" అని కొడుకు విమానం టికెట్టు కొన్నాడు. ప్రేమతోనే కొన్నాడు.

ఆ ప్రయాణాన్ని ఇంటి గడప నుండి లెక్కిద్దాం. కోదాడ నుండి సూర్యాపేట మీదుగా శంషాబాద్‌కు కారులో దాదాపు నాలుగు గంటలు. విమానాశ్రయంలో రెండు గంటల నిరీక్షణ. గాలిలో గంటా పది నిమిషాలు. రేణిగుంటలో సామాను తీసుకుని తిరుపతి చేరేసరికి మరొక గంట. మొత్తం ఎనిమిది గంటలు; అందులో అధికభాగం మోకాళ్లు మడిచి కూర్చున్నదే. దారిలో మూత్రానికి ఆగవలసి వస్తుందని ఆయన నీళ్లు కూడా తాగలేదు. నా వయసువారిలో ఈ అలవాటు సర్వసాధారణం. నేనూ చేసినవాడినే.

తిరిగి వచ్చిన నాలుగవ రోజున ఎడమ పిక్క వాచింది. ఆపరేషన్ జరిగిన కాలే కదా అని సరిపెట్టుకున్నాడు. మాటల మధ్య నాతో ఆ సంగతి చెప్పినప్పుడు రెండు పిక్కలనూ టేపుతో కొలవమన్నాను. మూడు సెంటీమీటర్లకు పైగా తేడా! వెంటనే డాప్లర్ పరీక్షకు పంపాను. లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. సకాలంలో మందులు పడినందున కోలుకున్నాడు.

నాలుగు గంటలు, అంతకుమించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. విమానమే కాదు, కారు, బస్సు, రైలు ఏదైనా అంతే. ఆరోగ్యవంతులకు ముప్పు స్వల్పమే, సుమారు ఆరు వేల మందిలో ఒకరికి. ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారికి, క్యాన్సర్ రోగులకు, గర్భిణులకు, స్థూలకాయులకు మాత్రం ఎక్కువ.

నన్నడిగితే ఆ మిత్రుణ్ణి మిర్యాలగూడ పంపేవాణ్ణి. హుజూర్‌నగర్ మీదుగా కొద్ది దూరమే. అక్కడ రాత్రి నారాయణాద్రి ఎక్కితే కాళ్లు చాపి పడుకోవచ్చు, పెట్టెలో నాలుగడుగులు వేయవచ్చు, మరుగుదొడ్డి చేతికందేంత దూరంలో ఉంటుంది. తెల్లవారేసరికి తిరుపతి. గంటల లెక్కలో విమానానికి పెద్దగా తీసిపోదు కూడా. అయితే ఐదు వారాలకే బయలుదేరడం సరేనా అని ముందు శస్త్రచికిత్స చేసిన వైద్యుణ్ణి అడగమనేవాణ్ణి.

విమానం తప్పనిసరి అయితే కారును గంటన్నరకొకసారి ఆపించి దిగి నడవండి. కూర్చున్నచోటే మడమలను పైకీ కిందికీ ఆడించండి. నీళ్లు మానవద్దు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మింగవద్దు. బిగువు మేజోళ్లు అవసరమా కాదా అన్నది మీ వైద్యుడే నిర్ణయించాలి. ఇన్సులిన్‌ను చేతిసంచిలోనే ఉంచుకోండి. విమానం అడుగున వేసే పెట్టెలో అది గడ్డకట్టి పాడుకావచ్చు.

ఇల్లు చేరిన తరువాత కూడా నాలుగు వారాల పాటు ఒక కాలు మాత్రమే వాచినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్లున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఫలానా రోజున ప్రయాణం చేశామని వైద్యునికి మీరే చెప్పండి, ఆయన అడగకపోవచ్చు.