కషాయం సరే... కాచి ఇచ్చేదెవరు?

మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో మా వారికి తెలియదు కానీ, నొప్పి బిళ్ళలు ఎక్కడుంటాయో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఫ్రిజ్ మీద, పాత బిస్కెట్ డబ్బాలో. తలనొప్పికి ఒకటి, నడుం నొప్పికి ఒకటి, నెలనెలా వచ్చే కడుపునొప్పికి ఇంకొకటి. ఆ డబ్బా ఖాళీ అయ్యేది మాత్రం ఎక్కువగా నా చేతుల మీదుగానే. మీ ఇంట్లోనూ అంతేనా? అయితే ఈ నాలుగు మాటలూ మీకోసమే.

పొద్దున్నే లేవగానే నడుం పట్టేస్తుంది. పిల్లల క్యారియర్లు, ఆయన టిఫిను, ఎనిమిదిన్నరకి బస్సు. "కాసేపు నడుం వాలుస్తాను" అని ఎవరితో అనగలం? అంటే ఆ పనెవరు చేస్తారు? అందుకని ఓ బిళ్ళ వేసుకుంటాం. కాసేపటికి నొప్పి సర్దుకుంటుంది. సర్దుకుంది కదా అని బట్టలు కూడా ఉతికేస్తాం! అలా ఆరేడేళ్ళు నెట్టుకొచ్చాక నాకు కడుపులో మంట మొదలైంది. ఓ రోజు విరేచనం తారులా నల్లగా అయ్యింది. పరీక్ష చేసిన డాక్టరుగారు కడుపులో పుండు పడిందన్నారు. "ఏం మందులు వాడుతున్నారమ్మా?" అంటే బిస్కెట్ డబ్బా తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టాను.

అప్పుడు ఆవిడ చెప్పింది విన్నాక గానీ నాకు అసలు సంగతి అర్థం కాలేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్ళలు ఒంట్లో నొప్పినీ వాపునీ పుట్టించే పదార్థాలను తగ్గిస్తాయి. కానీ కడుపు లోపలి పొరను కాపాడేవీ, కిడ్నీలకు రక్తం సరిగ్గా అందేలా చూసేవీ కూడా ఆ పదార్థాలేనట. అందుకే నొప్పి తగ్గించే చేత్తోనే కడుపుకీ కిడ్నీలకీ చేటు తెస్తాయి. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాలను తిన్న రాబందుల కిడ్నీలను పాడుచేసి, లక్షల్లో చంపేసిందని తేలాక, 2006లో మన దేశంలో పశువుల వాడకానికి ఆ మందును ఆపేశారు. మనం రాబందులం కాదు, నిజమే. కానీ డాక్టరు రాసిన కాగితం లేకుండా నెలల తరబడి మింగే మందు కాదది. పారాసిటమాల్ కడుపును అంతగా బాధించదు. అదీ రోజుకి నాలుగు గ్రాములు దాటితే లివర్‌ని దెబ్బతీస్తుంది. జలుబు బిళ్ళల్లో చాలావాటిలో అదే ఉంటుందన్న సంగతి మనకు గుర్తుండదు.

నా పుండు సంగతి తెలియగానే చుట్టాలూ పక్కాలూ అందరూ ఒకటే మాట. "ఆ ఇంగ్లీషు మందులెందుకే? మన శొంఠి లేదూ, పసుపు లేదూ, వావిలాకు లేదూ?"

ఆ మాటను నేను కొట్టిపారేయను. అందులో నిజం ఉంది. 2009లో ఇరాన్‌లో బహిష్టు నొప్పితో బాధపడే 150 మంది విద్యార్థినులకు కొందరికి శొంఠి పొడి, కొందరికి మెఫెనమిక్ యాసిడ్, కొందరికి ఐబుప్రొఫెన్ ఇచ్చి చూశారు. మొదటి మూడు రోజులూ రోజుకి ఒక గ్రాము శొంఠి, అంటే సుమారు అర చెంచా, నాలుగు విడతలుగా. ముగ్గురి ఫలితమూ ఇంచుమించు ఒకటే! పసుపు నుంచి తీసిన సారాన్ని మోకాళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళకు థాయ్‌లాండ్‌లో ఇచ్చి 2014లో ఫలితాలు చెప్పారు. నాలుగు వారాల్లో ఐబుప్రొఫెన్‌కు తీసిపోలేదు, కడుపునొప్పి బాధా తక్కువే. శల్లకి అని షాపుల్లో దొరికేది మన అడవుల్లోని అందుగు చెట్టు బంక. దాన్ని మోకాళ్ళ నొప్పులకు నాగపూర్‌లో 30 మందికి ఇచ్చి చూస్తే నొప్పీ వాపూ తగ్గాయని 2003లో ప్రకటించారు. పంటినొప్పికి అమ్మమ్మ పెట్టిన లవంగ నూనె వాసనే ఇవాళ పళ్ళ డాక్టరు గదిలోనూ వస్తుంది.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. థాయ్‌లాండ్‌లో ఇచ్చింది పసుపు సారం, రోజుకి గ్రామున్నర. మనం వాడే వంట పసుపులో అసలు పనిచేసే కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ళు ఉంటే గొప్ప. ఆ కాస్తా ఒంటికి పట్టడం కష్టం. మిరియాల్లోని పైపరిన్‌తో కలిపి ఇస్తే ఇరవై రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. పసుపు పాలల్లో మిరియాల పొడి వెయ్యడం తెలివైన పనే. కానీ గ్లాసుడు పాలు తాగగానే బిళ్ళ వేసుకున్నట్టు నొప్పి తీసేస్తుందనుకుంటే నిరాశే మిగులుతుంది. వీటికి రోజులూ వారాలూ పడతాయి.

"ఆకే కదా, ఏం చేస్తుందిలే" అనడం కూడా పొరపాటే. మా అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పులకు ఎవరో ఇచ్చిన పొట్లాల పొడి వాడారు. రెండు రోజుల్లో నొప్పి మాయం! ఇల్లంతా తిరిగేశారు. మూడు నెలలకు మొహం గుండ్రంగా ఉబ్బింది, షుగరు పెరిగింది. అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారని డాక్టర్ల అనుమానం. పొట్లం మీద పేరు లేదు, ఊరు లేదు, ఇంక ఎవరిని అడుగుతాం? నిజమైన మూలిక రెండు రోజుల్లో మంత్రం వేసినట్టు పనిచెయ్యదు. అలా చేసిందంటే సంతోషించకండి, అనుమానించండి. లైసెన్సు నంబరు, దినుసుల జాబితా లేని ఏ మందూ ఇంట్లోకి రానివ్వకండి. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో అమ్మిన 70 రకాల ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 రకాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు ఆయుర్వేద డాక్టరునైనా సరే, అలోపతీ డాక్టరునైనా సరే, అడక్కుండా కషాయాలు, చూర్ణాలు మొదలెట్టకూడదు. గుండెకు రాసిన ఆస్పిరిన్‌ను నొప్పి బిళ్ళేగా అని ఆపేయనూ కూడదు.

ఇదంతా ఒక ఎత్తు. నాకు తట్టిన అసలు సంగతి ఇంకొకటి.

నా మొదటి కాన్పప్పుడు అమ్మ రోజూ వావిలాకు నీళ్ళు పోసేది. పొద్దున్నే ఆకు దూసుకొచ్చేది, పెద్ద డేగిసాలో మరిగించేది, నడుం మీద ధారగా పోసేది. ఒళ్ళంతా తేలిపోయినట్టుండేది. వావిలాకుకు వాపు తగ్గించే గుణం ఉందని ఎలుకల మీద చేసిన పరీక్షల్లోనూ తేలింది. కానీ నా నడుంనొప్పి తగ్గించింది ఒక్క ఆకేనా? నీళ్ళు పోశాక అమ్మ నన్ను మంచం దిగనిచ్చేది కాదు. వేడన్నం మంచం దగ్గరికే వచ్చేది. అంటే ఆ మందులో సగం ఆకు, సగం విశ్రాంతి. ఇప్పుడు ఆకు పొడి అయ్యి, పొడి మాత్ర అయ్యి షాపుకొచ్చింది. ఆ రెండో సగం ఏ షాపులో దొరుకుతుంది?

పూర్వం అంతా బాగుండేదని అనడం లేదు. అమ్మ నాకు నీళ్ళు కాచి పోసింది సరే, అమ్మకెవరు కాచారు? అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని, ఆముదం రాసి వెచ్చజేసిన జిల్లేడాకు తన మోకాళ్ళకు తనే కట్టుకునేది. పొద్దున్న ఐదింటికి మళ్ళీ పొయ్యి దగ్గరే. ఆమె మందుకీ నా బిస్కెట్ డబ్బాకీ తేడా ఏముంది? రెండూ మమ్మల్ని మర్నాటి పనికి నిలబెట్టడానికే.

అందుకే "ఇంగ్లీషు బిళ్ళ మానెయ్యి, కషాయం తాగు" అని సలహా ఇచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. శొంఠి కొమ్ము దంచాలి, గ్లాసున్నర నీళ్ళు సగమయ్యేదాకా మరిగించాలి, వడగట్టాలి, ఆ గిన్నె తోమాలి. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి ఇంకో పని పురమాయించడం వైద్యమా?

నా పుండు మానేదాకా డాక్టరుగారు శొంఠి కూడా వద్దన్నారు. మానాక మా ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. నెలలో ఆ రెండు రోజులూ టిఫిను మా వారిది, కషాయం కాచడం మా అబ్బాయిది. మొదటిసారి వాడు కాచింది బెల్లం పానకంలా ఉంది. అయినా తాగాను. వేడినీళ్ళ సంచి నడుం కింద పెట్టుకుని ఓ గంట పడుకున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పట్టపగలు పడుకోవడం అదే మొదలేమో! బిళ్ళల డబ్బా ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది. కడుపుకు పడేది ఏదో డాక్టరుగారే చెప్పారు. తప్పనిసరైతే అదే, అన్నం తిన్నాక, ఒకటి. మూడు రోజులు దాటినా, నొప్పితో జ్వరమొచ్చినా, బహిష్టులో రక్తం విపరీతంగా పోతున్నా శొంఠీ కాదు, బిళ్ళా కాదు, నేరుగా ఆస్పత్రికే.

నొప్పంటే ఒళ్ళు "ఆగు" అని చెప్పడం. బిళ్ళతోనో చూర్ణంతోనో దాని నోరు నొక్కేసి మళ్ళీ పనిలో పడితే మందు మారిందే గానీ మన బతుకు మారలేదు. ఈసారి కషాయం కావాలనిపిస్తే మీరు లేచి వంటింట్లోకి వెళ్ళకండి. పడుకునే ఉండి, ఇంట్లో ఎవరినైనా కాచి పట్రమ్మనండి. రుచి ఎలా ఉన్నా తాగండి.