సంపాదకుని మాట: గొంతుకు తగిన పనిముట్టు



హైదరాబాద్ ఐటీ ప్రాంతమైన మాదాపూర్‌లో, ఆఫీసు పని ముగించుకుని రాత్రిపూట తెలుగు పాడ్‌కాస్ట్ రికార్డు చేసేవాళ్లున్నారు. ఎడిటింగ్‌కు ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలన్నది వాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న. ఈ సంచిక దాని చుట్టూనే అల్లుకుంది.

2000లో విడుదలైన ఆడాసిటీ నేటికీ ఉచితమే. రీపర్‌ను 60 రోజులు వాడి చూసి కొనుక్కోవచ్చు. అడోబీ ఆడిషన్‌కు చందా కట్టాలి.

ధర కన్నా చెవికి శిక్షణ ముఖ్యమన్నదే ఈ వ్యాసాలన్నిటినీ కలిపే దారం. మాట్లాడే ముందు రెండు మూడు సెకన్లు మౌనంగా రికార్డు చేసి, దాన్ని ఆడాసిటీకి నమూనాగా ఇస్తే ఫ్యాను హోరు తగ్గుతుంది; గచ్చిబౌలి హారన్లు మాత్రం పోవు. ఈ హోరు తగ్గింపు మోతాదు మించితే ‘స’, ‘శ’లు మొద్దుబారి, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది.

హెడ్‌ఫోన్స్ దగ్గర పెట్టుకుని చదవండి. మీరేం వాడుతున్నారో, ఎందుకో మాకు రాయండి.