"అడవి బిడ్డలకు ట్రైనింగ్ ఎందుకు" అనేటోళ్లకు



మొన్న మన గ్రూపులో ఒక వీడియో తిరిగింది. అమెరికాలో అడవి అంటుకుంది. హెలికాప్టర్ గాల్లోనే ఆగి ఉంది, అందులోంచి ఫైర్ సిబ్బంది తాడు మీద సర్రున కిందికి దిగుతున్నరు. దాని కింద ఒక అన్న రాసిండు: "చెట్టెక్కి తేనె తీసేటోళ్లం, మన పోరగాళ్లకు ఇదొక లెక్కనా? ట్రైనింగ్ కూడా అక్కర్లేదు." నేనూ లైక్ కొట్టిన. రాత్రి పడుకున్నంక ఆ మాట గుచ్చుకుంది. అన్న కోపం చేసుకోవద్దు, జవాబు రాస్తున్న.

ఆ మాట నేను ఇంతకుముందే విన్న. మా బాపు ఎండాకాలం ఫైర్ వాచర్ పనికి పోతడు. మొదటి ఏడు పనిలో పెట్టుకున్నప్పుడు ఒక సారు, "మీరు అడవిలో పుట్టినోళ్లు, మీకు మేం నేర్పేదేముంది" అన్నడట. పొగిడిండని బాపు సంబరపడ్డడు. ఆ పొగడ్తతోనే ట్రైనింగ్ అయిపోయింది. బూట్లు లేవు, చేతిలో పచ్చి కొమ్మ. ఆ ఎండాకాలమే గాలి మళ్లి కాలు కాలింది. ఇప్పటికీ ఆ కాలికి చెప్పు సరిగ్గా పట్టదు.

ఇప్పుడు ఆ వీడియోలో కనబడని సంగతి వినండి. ఆ తాడు జట్టులోకి కొత్తగా వచ్చేటోళ్లు అంతకుముందే మంటల పని చేసి ఉండాలి. సుమారు 20 కిలోల బరువు వీపున వేసుకుని, 4.8 కిలోమీటర్లు 45 నిమిషాల్లో నడిచి చూపాలి. అది మంటల పనికి పోయే ప్రతి ఒక్కరికీ ఉండే పరీక్ష, తాడు జట్టుకు ఇంకా గట్టివి ఉంటయి. అయినా వాళ్లను నేరుగా హెలికాప్టర్ ఎక్కించరు. ముందు నేల మీద పట్టీలు, కొక్కేలు, ముడులు. తర్వాత టవర్ మీది నుంచి మళ్లీ మళ్లీ దిగుడు. తాడు చిక్కుకుంటే మధ్యలో ఎట్ల ఆగాలో కూడా నేర్పుతరు. ఆ చప్పుడులో మాట వినబడదు కాబట్టి చేతి సైగలు నేర్పుతరు. హెలికాప్టర్‌లో ఉండి దించే మనిషి ప్రతి కొక్కెం చూసినంకనే దిగనిస్తడు. ఏటా మళ్లీ చేసి చూపాలి. పోయినేడు దిగిన అంటే నడవదు.

ఇంత చేసినా 2009లో కాలిఫోర్నియాలో ప్రాక్టీసులోనే ఒక ఫైర్‌ఫైటర్ పడి చనిపోయిండు. పరికరం సరిగ్గా బిగించలేదు, చూసినోళ్ల కంటికీ ఆనలేదు. వాళ్లు "ధైర్యం చాలలేదు" అనలేదు. విచారణ చేసిండ్రు, ట్రైనింగ్‌నే ఇంకా గట్టి చేసిండ్రు.

అరిజోనాలో అపాచీ ఆదివాసీల ఫైర్ జట్లు ఉన్నయి. వాళ్లవీ తరతరాల అడవులే. అయినా వాళ్లు కూడా ట్రైనింగ్ తీసుకునే మంటల్లోకి పోతరు. అక్కడ అంతా బంగారమని నేను అంటలేను. ఫెడరల్ ఫైర్ సిబ్బందిని ఏండ్ల తరబడి "ఫారెస్ట్రీ టెక్నీషియన్" అని రాసి, తక్కువ జీతం ఇచ్చిండ్రు. కానీ తాడు పట్టే ముందు నేర్పుడు మాత్రం ఆపలేదు.

మన దేశం చూడండి. 2020 ఫిబ్రవరిలో కేరళ త్రిశూర్ జిల్లాలో మంటలార్పుతూ ముగ్గురు ఫారెస్ట్ వాచర్లు కాలిపోయిండ్రు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ బిన్సర్‌లో నలుగురు అటవీ సిబ్బంది అక్కడికక్కడే చనిపోయిండ్రు, వాళ్లలో రోజుకూలీలూ ఉన్నరు. కాలినంక ఆస్పత్రికి తీసుకుపోనీకి ఎయిర్ ఆంబులెన్స్ వచ్చింది.

"మన పెద్దల విద్య ఏమైంది మరి?" అని అడుగుతరు. ఆ విద్య ఉంది, దాన్ని లెక్కగట్టి కూలి పెంచాలని కూడా అడుగుదాం. ఏ వాగులో నీళ్లుంటయో, ఏ బాట ఎటు పోతదో బాపుకు తెలిసినట్టు ఏ ఆఫీసరుకూ తెల్వదు. కానీ ఇప్పచెట్టు కింద ఆకు కాల్చుడు వేరు, ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం గుట్ట అంటుకునుడు వేరు. మంట ఎత్తు మీదికి ఉరుకుతది, పైన నిలబడ్డోడికి టైం ఉండదు. మన ఇప్పపువ్వు మంటలే కొన్నిసార్లు చెయ్యి జారుతయని కూడా ఒప్పుకుందాం.

అందుకే ఈసారి ఐటీడీఏకు, రేంజ్ ఆఫీసుకు మన సంఘం తరఫున కాగితం పెడదాం. ఫిబ్రవరికి ముందే ప్రతి ఫైర్ వాచర్‌కు ట్రైనింగ్, బూట్లు, మందపాటి బట్టలు, జట్టుకొక వాకీటాకీ, ఇన్సూరెన్స్. మంటకు పోయే ముందు తప్పించుకునే దారి ఏదో జట్టులో అందరికీ చెప్పాలి. "ఇక్కడ ప్రమాదం, నేను పోను" అన్నోడి కూలి కొయ్యొద్దు.

హెలికాప్టర్ మనకు ఇప్పుడే అడగక్కర్లేదు. బూట్ల కాడ మొదలుపెడదాం. ఇకమీదట ఎవరన్నా "మీరు అడవి బిడ్డలు, మీకు నేర్పేదేముంది" అంటే నవ్వి ఊరుకోకండి. "నేర్పేది శానా ఉంది సార్, ఎప్పుడు మొదలుపెడతరు?" అని అడగండి.

జై ఆదివాసీ.